పియానో గొంతులో జీర

రత్నరాజు తన దుకాణం మెట్టెక్కుతాడని కృపారాణి కలలో కూడా అనుకోలేదు. ఎక్కితే ఏమనాలో మాత్రం ఆరేళ్ళుగా అనుకుంటూనే ఉంది.

అనుకున్న మాటలు ఒకటీ రెండూ కావు. హార్మోనియం తిత్తి అతికిస్తూ కొన్ని, అన్నం వారుస్తూ కొన్ని, నిద్రపట్టక మంచంలో దొర్లుతూ ఇంకా కొన్ని. ఏ మాటకు ఆయన మొహం ఎట్లా మాడిపోతుందో కూడా ఊహించి పెట్టుకుంది. తీరా మనిషి ఎదురుగా వచ్చి, చెప్పులు బయట విడిచి, మెడ మీది చెమట తుడుచుకుంటూ నిలబడేసరికి వాటిల్లో ఒక్కటీ నోటికి రాలేదు. చేతిలోని హార్మోనియం రీడును వెలుతురుకు ఎత్తి చూస్తూ, "ఏందన్నా?" అని మాత్రం అంది.

రత్నరాజు చర్చి సెక్రటరీ. మార్కాపురంలో కంభం రోడ్డు మీద పలకల షెడ్డు ఆయనదే. రాయి కోసీ కోసీ ఆ దుమ్ము కనురెప్పల మీద కూడా బూడిదరంగులో నిలిచిపోయిన మనిషి. గొంతు ఎప్పుడూ పెంచడు. పెంచకుండానే పని జరిపించుకోవడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

"చర్చికి నూరేళ్ళ పండగ వస్తాంది గదమ్మా. గుంటూరు నుంచి పెద్దయ్యగారు వస్తాన్నారు. పియానో చూస్తే మూలన పడింది. కీబోర్డు పెడదామంటే కమిటీ ఒప్పుకోలేదు. హైదరాబాదు మెకానిక్కుకు ఫోటోలు పంపిస్తే, లోపల బోర్డు పగిలింది, పారేసుకోండి అన్నాడు. నువ్వు మద్రాసులో ఆ పని నేర్చుకున్నావు గదా, ఒకసారి చూస్తావేమోనని..."

"బోర్డు పగిలిందన్నాడా?" కృపారాణి రీడు కింద పెట్టింది. "ఎప్పుడు పగిలిందంట?"

"ఎప్పుడో పగిలుంటాది."

"నాయన వాయించేటప్పుడే పగిలుండొచ్చు గదా."

రత్నరాజు మళ్ళీ మెడ తుడుచుకున్నాడు. చెప్పడానికేముంది? ఆరేళ్ళ కిందట ఒక ఆదివారం, నిండు చర్చిలో, కీర్తన సగంలో ఉండగా ఆయనే లేచి వచ్చాడు. పియానో మధ్య స్వరాల్లో జీర పలుకుతోంది. పాట గందరగోళంగా ఉంది. రత్నరాజు మైకు పట్టుకొని, "చాలు మాస్టారూ, మీ చేతులు పోయినాయి. ఇంక లెయ్యండి" అన్నాడు. ఆ మాట బయట చెప్పులు కాసే మనిషి దాకా వినపడింది. ముప్పై ఏళ్ళుగా ఆ బల్ల మీద కూర్చున్న కృపారాణి నాయన దేవసహాయం మాస్టారు లేచి, కళ్ళద్దాలు జేబులో పెట్టుకొని, నడిమి దారి వెంట నడిచి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఆయన చర్చికి వెళ్ళలేదు. ఇంట్లో కూతురి హార్మోనియం మీద కూడా చెయ్యి పెట్టలేదు. కృపారాణి ఆ రోజు మూడో వరసలో ఉంది. జనం గుసగుసలాడటం, ఎవరో నవ్వటం అన్నీ చూసింది. మరిచిపోవటం ఆమెకు చేతకాలేదు.

"చేస్తానన్నా," అంది. "కూలి వద్దు. ఒక మాట ఇయ్యాల."

"చెప్పు."

"పండగనాడు మొదటి పాట నాయన వాయిస్తాడు. ఒక్కడే. కీబోర్డు వద్దు, డప్పు వద్దు, జనం గొంతు కలపొద్దు. చర్చికి కొత్త వాయిద్యం వస్తే మొదటి పాట దానికే వదిలేస్తాం గదా, ఇదీ అట్లనే. పాటయినాక నువ్వు అదే మైకు పట్టుకొని, తప్పు పియానోది, మాస్టారి చేతులది కాదు అని చెప్పాల. అందరూ వినాల."

రత్నరాజు ఆమెను చాలాసేపు చూశాడు. "బాగా ఆలోచించుకున్నావా పాపా?"

"నువ్వు ఆలోచించుకొని అన్నావా ఆ పొద్దు?"

"సరే. అట్లనే చెప్తాలే," అని ఆయన చెప్పులు తొడుక్కున్నాడు. మనిషి భయపడ్డాడనుకుంది కృపారాణి. ఆ మధ్యాహ్నం చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నది.

చర్చి తాళాలు యేసుమణి దగ్గర ఉంటాయి. హాలు ఊడ్చేది, గంట కొట్టేది, పూలు మార్చేది ఆమే. కృపారాణికి పిన్ని వరస. తలుపు తీసి, పియానో మీద దుప్పటి లాగేసరికి ఇద్దరూ తుమ్మారు. పలకల ఊరు కదా, దుమ్ముకు కొదవలేదు. మీటల సందుల్లో, తీగల వెనక, ఎక్కడ చూసినా రాతిపొడే.

కృపారాణి పియానో ముందువైపు చెక్కలు ఊడదీసింది. మీటల వరసను, సుత్తుల వరసను విడదీసి బెంచీల మీద పరిచింది. ఆ తరవాత తీగలు చుట్టి ఉండే బిరడాలను తిప్పే తాళంచెవి తీసుకొని తీగల బిగువు దించడం మొదలుపెట్టింది. ఇది తొందరపడే పని కాదు. ఒకవైపు తీగలన్నీ ఒక్కసారి వదిలేస్తే రెండోవైపు బిగువుకు ఇనపచట్రమే విరగవచ్చు. ఇక్కడ ఒక పావు తిప్పు, అక్కడ ఒక పావు తిప్పు, మళ్ళీ మొదటికి. మధ్యాహ్నానికి భుజం లాగేసింది. రత్నరాజు షెడ్డు నుంచి వచ్చిన కూలీలు పియానోను వెల్లకిలా పడుకోబెట్టి పోయాక, ఆమె మధ్యభాగం తీగలు తీసేసి, బ్యాటరీ లైటు పట్టుకొని లోపలికి వంగింది.

తీగల కింద లేతరంగు చెక్క పరిచి ఉంటుంది. అదే సౌండుబోర్డు. పియానోకు గొంతంటే అదే. దాని మీద వంకరగా అతికించిన గట్టి చెక్క కమ్మె బ్రిడ్జి. తీగ కదిలితే ఆ కదలికను బోర్డుకు అందించేది అది. బోర్డు మీద జానెడు పొడవున పగులు కనిపించింది. ఆమె వేలితో తడుముకుంటూ పోయింది. పగులు బ్రిడ్జి కిందికి దూరింది. బ్రిడ్జి మీద చిన్న మేకులు వరసగా ఉండే చోట చెక్క నిలువునా చీలి, మేకులు పక్కకు వాలిపోయి ఉన్నాయి. వేలితో కదిపితే కదిలాయి.

"పిన్నీ! ఇటు రా, చూడు!"

యేసుమణి చీపురు పక్కన పెట్టి వచ్చి వంగింది. "ఏముందే? నాకేం కనపడలా."

"చీలింది చూడు. మేకులు వదులైతే తీగ జుయ్యిమనక ఏం చేస్తాది? ఇదీ ఆ జీర. నాయన చేతులు కాదు, ఇదీ!"

"అయితే రత్నరాజును పిలిచి చూపిస్తే పోలా?"

"ఆయన ఒక్కడూ చూస్తే నాకేం లాభం?" అంది కృపారాణి. "నాయన్ను అందరి ముందర లేపినాడు. అందరి ముందరే వినాల."

యేసుమణి మళ్ళీ చీపురు అందుకుంది. కృపారాణి ఆ చీలికను తన ఫోనులో ఫోటో తీసుకుంది. ఆనాటి సాయంత్రం ఇంటికి పోతూ దాన్ని నాలుగుసార్లు చూసుకుంది. కన్నబిడ్డ ఫోటోనైనా ఏ తల్లీ అంత మురిపెంగా చూసి ఉండదు.

దేవసహాయం మాస్టారు వసారాలో కుర్చీలో ఉన్నాడు. టీ గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇరికించి పట్టుకొని తాగుతున్నాడు. చొక్కాకు పై గుండీ, అడుగు గుండీ తప్ప మధ్యవి పెట్టుకోలేదు. ఆ చర్చి గొడవ తరవాత నాయనకు తన మీద తనకే శ్రద్ధ పోయిందని కృపారాణి నమ్మకం. దాని లెక్క కూడా రత్నరాజు ఖాతాలోనే వేసింది. ఫోను తెరిచి నాయన కళ్ళ ముందు పెట్టింది.

"చూడు నాయనా. బ్రిడ్జి చీలింది."

ఆయన కళ్ళద్దాలు సర్దుకొని చూశాడు. "అవును. చీలింది."

"అంతేనా? ఇన్నేళ్ళు నీ చేతులన్నారు గదా!"

"అతుక్కుంటాదా అది?"

"అతుక్కోక? పైన చీలిన చెక్క చెక్కేసి కొత్త ముక్క వేస్తా. బోర్డు పగులులో దేవదారు పేడు దించుతా. ఎండాకాలం గదా, పగులు ఎంత తెరుచుకోవాలో అంతా తెరుచుకోని ఉంది. ఇప్పుడు పూడిస్తే మళ్ళీ కదలదు."

"అయితే ఆ జీర మొత్తం పోతాదా?"

"రవ్వంత కూడా మిగలనియ్యను."

మాస్టారు గ్లాసు కింద పెట్టాడు. "రవ్వంత ఉంటే ఏమమ్మా? పాత వాయిద్యం. కొంచెం జీర ఉంటేనే దానికి అందం."

కృపారాణికి కోపం వచ్చింది. ఈ మనిషి మెతకదనం వల్లే కదా ఎవడు పడితే వాడు నెత్తికెక్కింది! "నువ్వు అట్ల ఊరుకోబట్టే ఇట్లయింది. పండగనాడు మొదటి పాట నువ్వే వాయించాల. నేను మాట తీసుకున్నా."

"నేనా? వద్దమ్మా. ఆరేళ్ళయింది. వేళ్ళు మొద్దుబారినాయి. వేరే ఎవరినైనా..."

"ముప్పై ఏళ్ళు వాయించినావు. నువ్వు మర్చిపోయినా నీ వేళ్ళు మర్చిపోవు. నా కోసం ఒక్క పాట, అంతే నాయనా. ఆ మనిషి నోటితో ఆ మాట అనిపించకపోతే నాకు నిద్రపట్టదు."

ఆయన కూతురి మొహంలోకి చూశాడు. పొద్దుటి నుంచి చర్చి దుమ్ములో ఉండి బూడిదరంగుకు తిరిగిన ఆ మొహం వెలిగిపోతోంది. "నీకు అంత ఆశ ఉంటే కూర్చుంటాలే," అన్నాడు చివరికి, చేతులు తువ్వాలు కిందికి దోపుకుంటూ.

పనిలో కృపారాణి పగ అంతా వేళ్ళలోకి దిగింది. నిజం చెప్పాలంటే ప్రేమతో చేసే పనిలో కూడా అంత ఓపిక ఉండదు. బ్రిడ్జి మీది వాలిన మేకులను ఒక్కొక్కటే పట్టకారుతో లాగి, వరస తప్పకుండా అట్టముక్కకు గుచ్చుకుంది. చీలిన పైచెక్కను ఉలితో పొరలు పొరలుగా తీసేసింది. మద్రాసు నుంచి తెచ్చి దాచుకున్న పాత పియానో చెక్కలోంచి ముక్క కోసి, ఆ వంకరకు సరిగ్గా కూర్చునేదాకా ఆకురాయితో రాకింది. పెట్టి చూడటం, తీసి రాకడం, మళ్ళీ పెట్టి చూడటం. సందులో కాగితం కూడా దూరకూడదు. బోర్డు పగులును సన్నటి కత్తితో శుభ్రం చేసి, దేవదారు పేడుకు జిగురు రాసి, చిన్న సుత్తితో మెల్లగా తట్టుతూ దించింది. చెవి దగ్గర పెట్టుకొని తట్టింది. మొద్దు శబ్దం పోయి గట్టి శబ్దం వచ్చేదాకా ఆగలేదు.

జిగురు ఆరేదాకా బ్రిడ్జి మీద బరువు ఉండాలి. ఇనపచట్రం సందుల్లోంచి దించాలంటే మామూలు బిగింపులు పట్టవు. ఆమె షెడ్డుకు కబురు పంపి, కోతలో పారేసిన సన్నటి రాతి బద్దలు తెప్పించుకుంది. అవి చదునుగా ఉంటాయి, కావలసిన వెడల్పుకు దొరుకుతాయి. ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయింది. చివరి బద్ద పెట్టినప్పుడు, "నీ రాయే నీ నోరు తెరిపిస్తాది చూడు," అనుకుంది కసిగా. పైకి అనేసిందని యేసుమణి నవ్వేదాకా తెలియలేదు.

"అంత కసి ఏందే తల్లీ, దేవుని ఇంట్లో?"

"దేవుని ఇంట్లోనే గదా పిన్నీ ఆయన అన్నది."

బరువు తీశాక కొత్త చెక్కకు బెజ్జాలు వేసి, మేకులు దిగ్గొట్టి, తీగలు ఎక్కించింది. పియానోను నిలబెట్టి శ్రుతి చేస్తే మర్నాటికి జారిపోయింది. మళ్ళీ చేసింది, మళ్ళీ జారింది. కొత్త చెక్క బిగువుకు అలవాటు పడాలి. ఆమె విసుక్కోలేదు. వచ్చిన ప్రతిసారీ తీగ ఇంకాస్త మాట వింటోంది. పండగ ముందరి రోజు మధ్యాహ్నం మధ్య స్వరం మీటింది. అది నిండుగా, నున్నగా, ఏ అడ్డూ లేకుండా హాలు చివరిదాకా పోయింది. పోయి చాలాసేపు నిలిచింది. కృపారాణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి సంతోషంతో వచ్చినవి మాత్రమే కావు.

"బాగుంది." వెనక బెంచీలోంచి గొంతు వినపడింది. రత్నరాజు ఎప్పుడు వచ్చి కూర్చున్నాడో.

"రేపు ఇంకా బాగుంటాది," అంది ఆమె తిరగకుండానే.

"మాస్టారు ఇక్కడికొచ్చి ఒకసారి వాయించుకొని చూసుకుంటే బాగుండేది గదమ్మా. ఆయన్ను అడిగినావా?"

"మాట తప్పే దారి వెతుక్కుంటాన్నావా అన్నా?"

"లేదు లేదు," అని రత్నరాజు లేచాడు. గుమ్మం దగ్గర ఒకసారి ఆగాడు. ఇంకేదో అనబోయి, వద్దనుకున్నట్టు వెళ్ళిపోయాడు. ఆమెకు ఆ తడబాటు తేనె తాగినట్టనిపించింది.

ఆదివారం చర్చి కిక్కిరిసింది. కొనకనమిట్ల నుంచి, కొమరోలు నుంచి కూడా ఆటోల్లో వచ్చారు. గుంటూరు పెద్దయ్యగారు వేదిక మీద పెద్ద కుర్చీలో ఉన్నారు. కృపారాణి నాయనకు తెల్లచొక్కా తొడిగి, గుండీలన్నీ తానే పెట్టి, చెయ్యి పట్టుకొని తీసుకొచ్చింది. మాస్టారు నడిమి దారిలో నడుస్తుంటే పాతవాళ్ళు లేచి నిలబడ్డారు. "మాస్టారు వచ్చినాడు, మాస్టారు వచ్చినాడు" అని వరసల వెంట మాట పాకింది. కృపారాణి ఛాతీ ఉప్పొంగింది.

రత్నరాజు మైకులో, బాగైన వాయిద్యం కాబట్టి ఆనవాయితీ ప్రకారం మొదటి పాటకు ఎవరూ గొంతు కలపవద్దని చెప్పాడు. ఫ్యాన్లు కూడా ఆపించింది కృపారాణి. గాలి చప్పుడు కూడా అడ్డం రాకూడదు. మైకును తానే పియానో దగ్గరికి జరిపి వెళ్ళి మూడో వరసలో, ఆనాడు కూర్చున్న చోటే కూర్చుంది. నాయన వైపు చూడలేదు. ఆమె చూపంతా రత్నరాజు మొహం మీదే ఉంది. ఆ మొహంలో మార్పు మొదలయ్యే క్షణం తప్పిపోకూడదు.

పాట ఎత్తుగడ బాగానే వచ్చింది. ఎడమచెయ్యి నిదానంగా, పాత ఠీవితో పలికింది. జనంలో ఎవరో "ఆహా" అన్నారు. ఆ వెంటనే కుడిచేతిలో ఒక స్వరం తప్పింది.

కృపారాణి ముందు తీగల వైపే చెవి పెట్టింది. ఏ తీగ జారింది? బ్రిడ్జి కదిలిందా? కాదు. ప్రతి తీగా ఆమెకు తెలుసు. పలికిన స్వరం ముత్యంలా పలికింది. పలకవలసిన స్వరం అది కాదు, అంతే. మళ్ళీ తప్పింది. ఈసారి రెండు మీటలు కలిసి పడ్డాయి. ఆమె అప్పుడు చూపు తిప్పింది. నాయన ఉంగరం వేలు, చిటికెన వేలు వంగి అరచేతికి అంటుకొని ఉన్నాయి. ఆయన వాటిని విప్పాలని చూస్తున్నాడు. అవి విప్పుకోవడం లేదు. మిగిలిన మూడు వేళ్ళతో వెతుక్కుంటున్నాడు. నుదుటి మీద చెమట. ఆగి, అదే పాదం మళ్ళీ ఎత్తుకున్నాడు. అక్కడే మళ్ళీ తప్పింది.

రెండు అరచేతుల మధ్య టీ గ్లాసు, పెట్టుకోని గుండీలు, రవ్వంత ఉంటే ఏమమ్మా అన్న మాట, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. ఆరేళ్ళ కిందటే ఈ చేతులు పోయాయి. బ్రిడ్జి చీలిందీ నిజమే, చేతులు పోయిందీ నిజమే. ఆ జీర నాయన తప్పుల మీద దుప్పటిలా పడి ఉండేది. దాన్ని పట్టుబట్టి లాగి పారేసింది తను. జనం నోళ్ళు మూయించింది, ఫ్యాన్లు ఆపించింది, మైకు దగ్గరికి జరిపింది. ఎవరో నవ్వు ఆపుకుంటున్న చప్పుడు వినపడింది. ఆనాటి నవ్వే అది.

ఆమె లేచి నిలబడింది. "ఆపు నాయనా!"

పాట ఆగింది. తలలన్నీ తిరిగాయి.

"తప్పు నాది," అంది కృపారాణి గట్టిగా. ముందు బెంచీ పట్టుకుంది. "బ్రిడ్జి సరిగా అతకలేదు. స్వరాలు ఒకదాని మీద ఒకటి పడతాన్నాయి. నాకు పని చేతకాలేదు. మాస్టారు ఏం చేస్తాడు పాపం."

రత్నరాజు మెల్లగా నడిచి పియానో దగ్గరికి వచ్చాడు. వంగి ఒక్క వేలితో మధ్య స్వరం నొక్కాడు. అది నిన్నటి కంటే నిండుగా పలికింది. ఆయన వేలు తీయలేదు. స్వరం చివరి బెంచీ దాకా పోయి, పూర్తిగా ఆరిపోయేదాకా వింటూ నిలబడ్డాడు. తరవాత కృపారాణి వైపు చూశాడు. ఇప్పుడు ఆ మనిషి ఒక్క మాటంటే చాలు, నాయన మళ్ళీ ఆ నడిమి దారి వెంట నడవాలి.

రత్నరాజు మైకు అందుకున్నాడు.

"జీర ఇంకా ఉంది," అన్నాడు. "తప్పు పియానోది. మాస్టారి చేతులది కాదు."

ఆరేళ్ళుగా ఆమె చెవులు కాచుకున్న మాట అదే. అక్షరం తేడా లేదు. అది వినగానే ఒళ్ళంతా భగ్గుమంది. కొట్టినా బాగుండేది. రత్నరాజు మూత మెల్లగా దించి, మాస్టారి భుజం మీద చెయ్యి వేసి, ఏ వాయిద్యమూ లేకుండా తానే కీర్తన ఎత్తుకున్నాడు. జనమంతా అందుకున్నారు. మాస్టారు కూడా పాడాడు.

ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు కృపారాణిని ఓదార్చారు. పెద్ద పని నెత్తిన వేసుకుంది పాపం అన్నారు. పెద్దయ్యగారు ఈసారి హైదరాబాదు నుంచి ఎవరినైనా పిలిపించమని సెక్రటరీకి సలహా ఇచ్చారు. ఆమె అన్నిటికీ తలాడించింది. చెప్పుల దగ్గర రత్నరాజు ఎదురుపడ్డాడు.

"నీకు ముందే తెలుసు గదా అన్నా," అంది పళ్ళ బిగువున. "చెప్తే ఏం పోయింది?"

"ఒకసారి చెప్పే గదమ్మా ఇంత చేసింది." ఆయన ఆమె మొహం చూడలేకపోయాడు. "ఆ పొద్దు అన్న మాట అబద్ధం కాదు. మైకులో అన్నాను చూడు, అదీ నేను చేసిన పాపం."

ఆమెకు క్షమించాలనిపించలేదు. ఇన్నాళ్ళూ ఆ మనిషిని నిశ్చింతగా ద్వేషించింది. ఇప్పుడు ద్వేషిస్తూనే మొక్కవలసి వచ్చింది. అందుకని ఇంకా ఎక్కువ మండింది. నాయన్ను ఆటో ఎక్కించి పక్కన కూర్చుంది.

ఆటో కంభం రోడ్డు మలుపు తిరిగింది. ఆటో చప్పుడుకు వినపడదేమోనని మాస్టారు ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"నీ పని చాలా బాగుందమ్మా," అన్నాడు. "నేను చేసిన తప్పుల్లో ఒక్కటి కూడా దాగలేదు."